డమ్మీ మాటలు

పెసరట్టు తిరగేస్తుండగా హాల్లోంచి నా పాట వినిపించింది.

నా పాట అంటే నేను చెల్లో వాయించిన సినిమా పాట కాదు. ఎవరో పెద్ద గాయని వచ్చి పాడేలోపు ఆమెకి దారి చూపించడానికి నేను ట్రాక్ పాడి, తర్వాత చెరిపేసిన పాటా కాదు. నేను కట్టుకున్న పాట. ఉదయం పదకొండు నుంచి పన్నెండున్నర దాకా మా ఆయన ఇంట్లో ఉండరు, అత్తగారు కునుకు తీస్తుంటారు. అప్పుడు వెనక గది గడియ పెట్టుకుని, చెల్లో మీద కమాను సన్నగా ఆనించి, నాలో నేను పాడుకునే పాట. దాన్ని విన్న మనిషి ఈ లోకంలో లేరని మూడేళ్ళుగా నమ్ముతున్నాను. ఇప్పుడది మా ఆయన హార్మోనియం మీద, తొమ్మిది మంది మగవాళ్ళ మధ్య మోగుతోంది.

పెనం మీద అట్టు మాడింది. ఇంకొకటి పోశాను.

ఆ రోజు మా ఇంట్లో పాటల సిట్టింగ్. శ్రీనగర్ కాలనీలో మేం అద్దెకుంటున్న పై వాటాలో హాలు పెద్దది. అందుకే నిర్మాత సుబ్బరామయ్య గారు హోటల్ గది వద్దని, ఇంట్లో అయితే టిఫిను బాగుంటుందని ఇక్కడే పెట్టించారు. పధ్నాలుగేళ్ళు ఒకరి దగ్గర అసిస్టెంట్‌గా ఉన్న ఆదినారాయణ, అంటే మా ఆయన, సంగీత దర్శకుడిగా చేస్తున్న మొదటి సినిమా. ఉదయం నుంచి ఆరు ట్యూన్లు వినిపించారు. ఆరింటికీ సుబ్బరామయ్య గారు "చూద్దాం" అన్నారు. ఏడోది నాది.

ప్లేట్లు పట్టుకుని హాల్లోకి వెళ్ళేసరికి ఆయన కళ్ళు మూసుకుని పాడుతున్నారు. నా మాటలతోనే పాడుతున్నారు. నిద్దరపో అని తెలుగులో మొదలై, తూంగమ్మా అని అరవంలోకి దిగి, ఉరంగు మోళే అని మలయాళంలో వంగి, సోజా బేటీ అని ఉర్దూలో ఆగిపోతుంది. నాలుగూ ఒకే మాట. నిద్రపొమ్మని.

"ఏంటయ్యా నాలుగు భాషలు కలిపేశావ్, సాంబారా?" అన్నాడు డైరెక్టరు. అందరూ నవ్వారు.

"డమ్మీ మాటలండీ. మీటర్ కోసం నోటికొచ్చినవి పెట్టాను. వాటిని పట్టించుకోకండి," అన్నారు ఆయన.

సినిమాల్లో ముందు ట్యూను పుడుతుంది. దానికి మాటలుండవు కాబట్టి ఏవో అర్థంలేని మాటలు తగిలించి పాడి వినిపిస్తారు. ఆ కొలతల్లో కవి అసలు మాటలు రాసుకొస్తాడు. డమ్మీ మాటల్ని తర్వాత ఎవరూ గుర్తుంచుకోరు. అలాంటివాటికి అర్థమేమిటని ఎవరైనా అడిగితే వాళ్ళకి పని తెలియదని నవ్వుకుంటారు.

సుబ్బరామయ్య గారు తొడ మీద చేత్తో తాళం వేస్తున్నారు. ఎక్కడ పట్టావని అడిగారు. ఉదయాన్నే చెక్‌పోస్టు దాకా నడిచొస్తుంటే దారిలో వచ్చిందని ఆయన చెప్పారు. స్పీడు పెంచి వాన పాట చేసెయ్యమని డైరెక్టరు అన్నాడు. ఆయన వేళ్ళు అప్పటికే స్పీడు పెంచేశాయి. నేను ఒక్కొక్కరి ముందూ ప్లేటు పెడుతున్నాను. సుబ్బరామయ్య గారు అల్లం పచ్చడి ఇంకొంచెం వెయ్యమన్నారు. వేశాను.

పాట పుట్టిన సంగతి చెప్పాలి. నాన్న మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాల్లో చెల్లో, అంటే నిలువెత్తు వయొలిన్ లాంటిది, వాయించేవాడు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక ఆ కుర్చీలో నేను కూర్చున్నాను. మగవాళ్ళ మధ్య ఒక్కదాన్నే ఆడపిల్లని. చీర కుచ్చిళ్ళు వెడల్పుగా పెట్టుకుని, రెండు మోకాళ్ళ మధ్యా వాద్యాన్ని నిలబెట్టి కూర్చుంటే ఫ్లూటు వాయించేవాళ్ళు మెడలు తిప్పి చూసేవారు. వయొలిన్ వాయించే ఆదినారాయణ మాత్రం నా చేతిని చూసేవాడు. అందుకే చేసుకున్నాను. పెళ్ళయిన వారానికే మా అత్తగారు అమ్మాజీ గారు, "తొడల మధ్య పెట్టుకుని వాయించేది సంగీతం ఎలా అవుతుందమ్మా? నలుగురు వచ్చిపోయే ఇల్లు" అన్నారు. అప్పటినుంచి ఏ ఇంట్లో ఉన్నా వెనక గదే నాది. గడియ అలవాటు కూడా అప్పటిదే.

ఎనభై తొమ్మిది నవంబరులో, ఎనిమిదో నెల నిండాక, మాకు ఆడపిల్ల ఊపిరి లేకుండా పుట్టింది. నాకు చూపించలేదు. చూపిస్తే మర్చిపోలేనట. మలయాళీ నర్సు ఒకామె గుడ్డలో చుట్టి తీసుకెళ్తూ, నా మంచం పక్కన ఒక్క క్షణం ఆగి ఆ మూటని రెండుసార్లు ఊపింది. ఉరంగు మోళే అంది. పడుకో తల్లీ అని. నా బిడ్డతో ఎవరైనా మాట్లాడిన మాటలు అవే. ఆయనకి మధ్యాహ్నం రెండింటికి కాల్షీటు ఉంది, వెళ్ళారు. పేరు పెట్టని బిడ్డ కోసం ఏడిస్తే తర్వాతి కాన్పుకి మంచిది కాదని అత్తగారన్నారు. తర్వాతి కాన్పు రానే లేదు.

మరుసటి ఏడు సినిమా పరిశ్రమతో పాటు మేమూ హైదరాబాదు వచ్చేశాం. ఒకరోజు చెల్లో ముందు కూర్చుని ఆ పిల్లకి జోల పాడదామనుకున్నాను. తెలుగులో మొదలుపెట్టాను. 'తల్లీ' అనబోయేసరికి పాట ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఆ మాట దగ్గరికి రాగానే మద్రాసులో మా సాలిగ్రామం వీధి అరవంలోకి జారిపోయాను. కొంతదూరం నడిచింది. అక్కడా ఆగిపోబోతుంటే నర్సు మాటల్ని పట్టుకున్నాను. అవీ కాల్చేస్తుంటే, కింది వాటాలో హసీనా బేగం తన మనవడిని పడుకోబెట్టే మాటల్లోకి వెళ్ళాను. ఏడవకుండా పాట చివరిదాకా వెళ్ళడానికి నాకు నాలుగు భాషలు కావలసొచ్చాయి. అంతే, అందులో కవిత్వం ఏమీ లేదు. ఆ దారి దొరికాక ఇంకా పాటలు వచ్చాయి. నాన్న చెయ్యి మీద ఒకటి. గడియ మీద ఒకటి. వంటింటి కిటికీలోంచి కనిపించే కొండరాళ్ళని బాంబులు పెట్టి పేలుస్తుంటే ఒకటి. జోలతో కలిపి మొత్తం పన్నెండు. అన్నీ ఎన్నో భాషల్లో తడబడుతూ నడిచేవే. మిగతావి పాటలు. జోల మాత్రం నా బిడ్డ. దానికి వేరే ఒళ్ళు లేదు.

అందరూ వెళ్ళాక అడిగాను. ఆ పాట మీకెలా వచ్చిందని.

ఆయన తడబడలేదు. అల్మారాలోంచి ఒక క్యాసెట్ తీసి చూపించారు. రోజూ పదకొండింటికి తలుపు పక్కన టేప్ రికార్డరు పెట్టి నొక్కమని అమ్మకి చెప్పానని అన్నారు. దొంగతనం బయటపడ్డవాడిలా లేరు. పొదుపు చేసినవాడిలా ఉన్నారు. "ఎంత మంచి సరుకు గదిలో మగ్గబెట్టుకున్నావో నీకే తెలీదు సుందరీ," అన్నారు.

నా పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. ఆయనకి పని ఉన్నప్పుడు సుందరీ అంటారు. లేనప్పుడు ఏమీ అనరు.

నేను అరవలేదు. ఒక్కటే అడిగాను. పదకొండూ తీసుకోండి, నా పేరు ఎక్కడా వద్దు, ఆ ఒక్కటి వదిలెయ్యండి. అదేమిటో మీకు తెలుసు.

"తెలుసు," అన్నారు. కొంతసేపు క్యాసెట్ అంచుల్ని గోటితో గీరారు. "ఉదయం నుంచి ఆరు ట్యూన్లు తిప్పికొట్టాడు సుబ్బరామయ్య. ఇది ఒప్పుకున్నాడు కాబట్టి సినిమా నాకుంది. లేకపోతే రేపు ఇంకొకడి చేతిలో ఉంటుంది. పధ్నాలుగేళ్ళు సుందరీ. తాళం మార్చేశాక అదీ ఇదీ ఒకటేనని ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది."

"పోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళు ఆగిపోతారా?" అన్నారు. ఆ మాటతో అయిపోయింది. భోజనం పెట్టమన్నారు. పెట్టాను.

అత్తగారు వంటింటి గడపలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఆవిడ ముందు నిలబడ్డాను. తల ఎత్తలేదు. వాడు వింటాడేమో అనుకున్నానమ్మా అన్నారు. పెళ్ళాం పాట వినాలని ముచ్చట పడుతున్నాడేమో అనుకుని నొక్కాను అన్నారు. ఇంకో కాయ అందుకుని, అడగకుండానే, "ఆ భాషలేవీ నాకు రావు. అయినా అది దేని గురించో నాకు తెలుసు. నొక్కి, అక్కడే గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని," అన్నారు.

మూడేళ్ళు తలుపుకి ఇటు నేను, అటు ఆవిడ. ఎప్పుడైనా తలుపు తట్టి ఉంటే ఏమయ్యేదో. ఆవిడ తట్టలేదు. మర్నాడు నా గడియ గురించి అలవాటు ప్రకారం ఏదో అన్నారు కూడా.

రికార్డింగు ఫిల్మ్‌నగర్‌లో, కొండవాలు మీద కొత్తగా కట్టిన థియేటర్లో జరిగింది. పాటకి ముగ్గురు చెల్లో వాళ్ళు కావాలి. అందులో నేను ఒకదాన్ని. మిగతా ఇద్దరికీ కాల్షీటు చెప్పినట్టే నాకూ మేనేజరుతో చెప్పించారు, ఇంట్లో ఉన్న మనిషికి. పెద్ద గాయని మద్రాసు నుంచి మర్నాడు వస్తుంది. అందుకని ట్రాక్ కూడా నన్నే పాడమన్నారు. పాట రాసిన త్రినాథరావు గారు కాగితం నా చేతికిచ్చారు. వయసు మళ్ళిన మనిషి, చేతులు కట్టుకుని మాట్లాడతారు. "అమ్మా, ఈ డమ్మీ మాటలు ఎవరు పెట్టారో కానీ నన్ను వారం తిప్పలు పెట్టాయి. నాలుగు చోట్ల ఊపిరి తెగుతుంది. ఉల్లాసం పాటకి అలా తెగకూడదు. నేను పూడ్చేశాను," అన్నారు. మంచి పనివాడు. నిజంగానే ఎక్కడా సందు లేకుండా పూడ్చేశారు.

నిద్దరపో అన్నచోట తడిసిపో అని ఉంది.

పాడాను. అద్దం అవతల కంట్రోల్ రూంలోంచి, కొంచెం కైపుగా పాడమని డైరెక్టరు చెప్పించాడు. కైపుగా పాడాను. నాకు పని వచ్చు. పదిహేనేళ్ళుగా అదే చేస్తున్నాను. పాడమన్నది పాడతాను, వాయించమన్నది వాయిస్తాను, చెరిపేశాక ఇంటికెళ్ళి కూర వండుతాను. మూడో టేకులో, సోజా బేటీ ఉండే చోట, ఊపిరి దానంతట అదే తెగింది. కట్ అన్నారు. కంట్రోల్ రూం నుంచి మాట్లాడే టాక్‌బ్యాక్‌లో మా ఆయన గొంతు, "సుందరి గారూ, అక్కడ ఆగకండి. ఏకధాటిగా వెళ్ళిపోవాలి," అంది. థియేటర్లో ఆయన నన్ను గారూ అంటారు. నాలుగో టేకులో ఆగలేదు.

ఆగస్టులో సినిమా వచ్చింది. పాట ఎటు వెళ్ళినా వినిపించేది. పెళ్ళి బ్యాండులు వాయించేవి, ఆటోల్లో మోగేది. ఒకరోజు పెరట్లో అంట్లు తోముతున్న కొమురమ్మ చెయ్యి ఆపి పక్కింటి రేడియో వైపు చెవి పెట్టింది.

"అమ్మా, గిది మీరు గదిల పాడుకునే పాట గాదా? గప్పుడు వింటే ఏడ్పొస్తుండె. గిట్ల ఎగురుడేంది దీనికి?"

నువ్వు పొరపడ్డావు కొమురమ్మా అన్నాను. ఆమె నన్ను చూసి, ఏమనుకుందో, మళ్ళీ గిన్నె అందుకుంది. "నాకేం ఎర్కలే తియ్యి," అంది.

ఆయనకి వరసగా మూడు సినిమాలు వచ్చాయి. జూబ్లీహిల్స్‌లో స్థలం చూస్తున్నారు. ఇల్లు కడితే నాకోసం శబ్దం బయటికి పోని గది కట్టిస్తానని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నారు. వాళ్ళు నన్ను చూసి ఎంత అదృష్టమమ్మా అంటున్నారు. ఆ గదిలో మైకులు ఎక్కడెక్కడ పెట్టాలో ఆయన కాగితం మీద గీసుకోవడం నేను చూశాను.

నవంబరు వచ్చింది. నా పిల్ల పుట్టిన రోజు. ఏటా ఆ రోజు ఆ పాట ఒక్కసారి పూర్తిగా పాడేదాన్ని. రికార్డింగు అయినప్పటి నుంచి ముట్టుకోలేదు, ఈ రోజు కోసం దాచుకున్నాను. తలుపు వేసి, చెల్లో శ్రుతి చేసి, కమాను ఆనించి నోరు తెరిచాను.

తడిసిపో అని వచ్చింది.

ఆగాను. నీళ్ళు తాగాను. ఈసారి నిద్దరపో అని పట్టుబట్టి మొదలుపెట్టాను. రెండో వరసకి వచ్చేసరికి డప్పుల మోత నా తలలో మొదలై వేలిని తోసింది. అరవం మాట ఎక్కడ అందుకోవాలో తెలియలేదు. ఊపిరి ఎక్కడ తెగాలో దొరకలేదు. త్రినాథరావు గారు అన్నీ పూడ్చేశారు కదా. గంటసేపు వెతికాను. బజారులో చెయ్యి వదిలేసిన పిల్లని వెతికినట్టు వెతికాను. ప్రతి సందులోంచీ ఆ వాన పాటే ఎదురొచ్చింది. నర్సు మాటలు రెండూ గుర్తున్నాయి, కానీ ఏ స్వరం మీద కూర్చున్నాయో గుర్తులేదు. స్వరం లేకుండా అంటే అవి ఒట్టి మాటలు. నిజంగానే డమ్మీ మాటలు.

క్యాసెట్ ఉంది కదా అనుకున్నాను. దొంగతనంగా పట్టిందే అయినా నా గొంతు అందులో ఉంది. అల్మారా తీసి చూశాను. పైన కొత్త చీటీ అంటించి ఉంది. పెట్టి విన్నాను. ఏదో సినిమా ఫైటు సీనుకి ట్రంపెట్లు.

ఆయన భోజనం చేసి అప్పుడే మళ్ళీ బయటికి వెళ్ళబోతూ చెప్పులు వేసుకుంటున్నారు. దీనిలో నా పాటలు ఏవి అని అడిగాను.

"అవన్నీ రాసుకున్నాను, నోట్స్ అంతా నా దగ్గరుంది. క్యాసెట్ దొరక్క దాని మీదే చేశాను. ఎందుకు?"

"జోల కావాలి."

ఆయన నిజంగా అర్థంకానట్టు చూశారు. "దానికి పాత క్యాసెట్ దేనికి? బయట ఏ షాపులో అడిగినా పాట ఇస్తారు కదా," అన్నారు.

వెటకారం కాదు. ఆయన నమ్మకమే అది. నేను ఎన్నో ఏళ్ళు కోపం కోసం ఒక కారణం వెతుక్కున్నాను. ఆ రోజు కారణం దొరికింది, కోపం రాలేదు. గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. సాయంత్రం దీపం పెట్టే వేళకి అత్తగారు తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. పాడలేదేమమ్మా ఈ ఏడు అన్నారు. తేదీ ఆవిడకి గుర్తుంది. మీకేమైనా గుర్తుందా అత్తయ్యగారూ, మధ్యలో ఎలా వెళ్ళేది అని అడిగాను. ఆవిడ పెదాలు కదిపారు. గొంతు కూడదీసుకున్నారు. ఆవిడకీ వాన పాటే వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు.

నా బిడ్డని రెండోసారి తీసుకెళ్ళిపోయారు. ఈసారి కూడా చూపించలేదు.

జనవరిలో రెండో సినిమాకి పాటల రికార్డింగు. అదే థియేటరు. ముప్ఫై మంది వాద్యాలవాళ్ళు. పొద్దున్న తొమ్మిదిన్నర. నా ముందు స్టాండు మీద కాగితం పెట్టి వెళ్ళారు. మొదటి వరస చూడగానే ఏ పాటో తెలిసింది, లోపల మాత్రం మోగలేదు. నాన్న చెయ్యి మీద కట్టుకున్న పాట. క్లబ్బు డాన్సుకట. ట్రాక్ నేనే పాడాలి, చెల్లోతో మొదలవుతుంది.

మైకు ముందు కూర్చున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. రెడీయా అన్నారు ఆయన టాక్‌బ్యాక్‌లో. ఆ గొంతు థియేటరంతా వినిపిస్తుంది, నాదీ అంతే.

"సార్, ఈ ట్యూను నాకు రావడం లేదండి," అన్నాను.

వయొలిన్ల వరస మొత్తం నా వైపు తిరిగింది. పదిహేనేళ్ళలో నా నోట ఆ మాట ఎవరూ వినలేదు. కాగితం చూస్తూనే వాయిస్తానని నాకు పేరు. ఆయన నవ్వారు. "అదేంటి సుందరి గారూ, మీకు రాకపోవడమేంటి?"

"ఎందుకు రావాలండీ? ఎవరి ట్యూను ఇది?"

అడగాలని ఇంటి దగ్గర అనుకోలేదు. అడిగాక మాత్రం, ఆ జవాబు కోసమే కూర్చున్నాను. నీదే అని ఆయన ఒక్క మాట అంటే చాలు. పాడేసేదాన్ని. క్లబ్బు డాన్సుకైనా పాడేసేదాన్ని. ముప్ఫై మంది ముందు ఆ ఒక్క మాట చాలనుకునేంత తక్కువకి దిగిపోయి ఉన్నాను ఆ నిమిషంలో. అద్దం అవతల సుబ్బరామయ్య గారు కాఫీ కప్పు ఎత్తినవారు ఎత్తినట్టే ఉన్నారు. మా ఆయన నన్ను చూస్తున్నారు. ఏం అడిగానో ఆయనకి తెలిసింది. నా చేతిని చూసి పెళ్ళి చేసుకున్న మనిషి, ఆ చేతిని కాసేపు చూశారు.

"నాదే," అన్నారు.

నేను తల ఊపాను. కమాను బిగింపు వదులు చేశాను. చెల్లోని పెట్టెలో పడుకోబెట్టి మూత వేసి, ఎత్తుకుని నడిచాను. ముప్ఫై మందీ కుర్చీలు జరిపి దారిచ్చారు. ఒంట్లో బాగాలేనట్టుందని వెనక నుంచి ఆయన ఎవరికో చెబుతున్నారు. ఇంకో ట్రాక్ సింగర్‌కి ఫోన్ చెయ్యమంటున్నారు.

రావడం లేదని నేను అబద్ధం చెప్పానని ఆయన ఇప్పటికీ అనుకుంటారు. మిగిలిన పదకొండు పాటల మీదా వాళ్ళ మాటలు వచ్చి కూర్చునేలోపు, రోజుకొకటి చొప్పున, నేనే మర్చిపోవడం అప్పటికే మొదలుపెట్టాను. నాన్న పాట ఆ రికార్డింగుకి ముందు రోజే అయిపోయింది.